హెడ్మాస్టర్ ఏడాది లక్ష్యం: ఏ డేటాను నమ్ముకోవాలి?

బడులు తెరిచిన కొత్తలో కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) మీటింగుల్లో 'ఈ విద్యా సంవత్సరం లక్ష్యాలు' అనే కాగితం చేతులు మారుతుంది. నింపి ఇచ్చినవాటిని వరుసగా చదివితే పరకాల హెచ్‌ఎం రాసిందీ ఏటూరునాగారం హెచ్‌ఎం రాసిందీ దాదాపు ఒకేలా ఉంటాయి. పదో తరగతిలో నూరు శాతం ఉత్తీర్ణత, ఎన్‌రోల్‌మెంట్ పెంపు, హాజరు మెరుగు. ఇవన్నీ మంచి కోరికలే. కానీ ఇవి బడికి సంబంధించినవి. ఆ బడిని నడిపే మనిషి ఈ ఏడాది తన పనిలో ఏం మారుస్తారో వాటిలో ఎక్కడా ఉండదు.

హెచ్‌ఎం లక్ష్యం హెచ్‌ఎం పని మీద ఉండాలి. ఆ పని ఎలా ఉంటే బాగున్నట్టో చెప్పేవి వృత్తి ప్రమాణాలు. ఇప్పుడు మనం ఎక్కడ ఉన్నామో చెప్పేది డేటా. చిక్కల్లా డేటాతోనే. బడిలో దానికి కొరత లేదు, పోర్టల్‌కొక పాస్‌వర్డ్, రిజిస్టర్‌కొక అట్ట. వాటిలో లక్ష్యానికి ఆధారంగా నిలబడేది ఏది? ఐదు రకాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

## ముందు చూసుకోవాల్సిన సంగతులు

అన్నింటికన్నా ముందు అడగాల్సింది: ఈ అంకె హెచ్‌ఎం పనిని చూపిస్తోందా, బడి పరిస్థితిని చూపిస్తోందా? గదులు చాలకపోవడం, సబ్జెక్ట్ టీచర్ పోస్టు ఖాళీగా ఉండటం పరిస్థితులు. వాటి మీద లక్ష్యం రాస్తే ఏడాది చివర సంజాయిషీ రాసుకోవడమే మిగులుతుంది.

రెండోది, ఏడాది మధ్యలో కనీసం రెండుసార్లయినా మళ్లీ చూసుకునే వీలుందా అన్నది. ఏప్రిల్‌లో ఒక్కసారే కనిపించే అంకె తీర్పు చెప్పడానికి పనికొస్తుంది కానీ దారి మార్చుకోవడానికి పనికిరాదు.

మూడోది కాస్త ఇబ్బందికరమైన ప్రశ్న. ఆ అంకె ఎవరు రాశారు, ఎక్కువ రాస్తే వాళ్లకేం కలిసొస్తుంది, తక్కువ రాస్తే ఎవరితో మాట పడాలి? తన గురించి తానే రాసుకుని పైకి పంపే ఏ అంకె అయినా కొంత ఉబ్బుతుంది. అది మనిషి నైజం, నేరం కాదు. లెక్క వేసేటప్పుడు ఆ ఉబ్బు తీసేసుకోవాలి, అంతే.

నాలుగోది పిల్లల సంఖ్య. మన పల్లెల్లో చాలా తరగతులకు ఇది ప్రాణం. తరగతిలో 14 మంది ఉంటే 12 మంది పాసైనప్పుడు 86 శాతం, 13 మంది పాసైతే 93 శాతం. ఒక్క పిల్లవాడికి పరీక్ష రోజు జ్వరం రాకపోవడం వల్ల కాగితం మీద ఏడు శాతం ప్రగతి కనిపిస్తుంది. అలాంటిచోట శాతాలు వదిలేసి పేర్లు చూడాలి.

ఇక సేకరణకు పట్టే సమయం. దాని గురించి హెచ్‌ఎంలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

| డేటా | హెచ్‌ఎం పనిని చూపుతుందా | ఏడాదిలో ఎన్నిసార్లు | అంకె ఉబ్బే ప్రమాదం | చిన్న బడికి |
|---|---|---|---|---|
| యూడైస్ ప్లస్ (బడుల వివరాల జాతీయ పోర్టల్) | చాలా తక్కువ | ఏటా ఒక విడత | తక్కువ, కానీ అపార్థాలు ఎక్కువ | నేపథ్యం వరకే |
| శాలా సిద్ధి స్వీయ మూల్యాంకనం | 46లో పది ప్రమాణాల్లో నేరుగా | ఒకసారి, కావాలంటే రెండు | చాలా ఎక్కువ | ఇద్దరు టీచర్ల బడికి తప్ప బాగుంటుంది |
| పిల్లల అభ్యసన ఫలితాలు | పరోక్షంగా | ఎఫ్‌ఏలు (నిర్మాణాత్మక పరీక్షలు) నాలుగు, ఎస్‌ఏలు (సంగ్రహణాత్మక పరీక్షలు) రెండు | మధ్యస్థం | శాతాలుగా వద్దు, పేర్లుగా చూడాలి |
| సిబ్బంది అభిప్రాయం | నేరుగా | ఒకటి రెండుసార్లు | మొహమాటం వల్ల ఎక్కువ | వద్దు |
| తరగతి పరిశీలన రిజిస్టర్ | నేరుగా | ప్రతి నెలా | తేదీలు కల్పిస్తే ఎక్కువ | హెచ్‌ఎంకు ఖాళీ ఉంటే చాలా అనువు |

## యూడైస్ ప్లస్

2022-23 నుంచి ఇందులో పిల్లల వివరాలు ఒక్కొక్కరివిగా నమోదవుతున్నాయి. అంతకుముందు తరగతికి ఇంతమంది అని మొత్తాలే ఉండేవి. ఈ మార్పుతో ఐదో తరగతి పూర్తిచేసిన పిల్ల ఆరో తరగతిలో ఎక్కడ చేరిందో వెతికి పట్టుకునే వీలొచ్చింది. లక్ష్యం రాసుకునేవారికి ఇందులో నిజంగా పనికొచ్చేది ఇదొక్కటే అంటాను.

దాంట్లోనూ ఒక మెలిక ఉంది. ములుగు వైపు ప్రాథమిక బడి నుంచి వెళ్లిన పిల్ల కస్తూర్బాలోనో గురుకులంలోనో చేరినా, అక్కడివాళ్లు పోర్టల్‌లో ఆ పేరును తమవైపు తీసుకునేదాకా ఆమె పేరు డ్రాప్‌బాక్స్‌లోనే (పాత బడి వదిలి ఇంకా ఎక్కడా నమోదు కాని పిల్లల జాబితాలోనే) ఉంటుంది. ఆ జాబితా పట్టుకుని 'డ్రాపవుట్లను సగానికి తగ్గిస్తాను' అని లక్ష్యం రాస్తే, రెండు ఫోన్లతో తీరే డేటా ఎంట్రీ పనిని నాయకత్వం కింద లెక్కేసినట్టే. ముందు పేర్లు సరిచూసుకోవాలి. ఆ తర్వాత కూడా బడి బయటే ఉన్న పిల్లలు మిగిలితే అప్పుడది లక్ష్యం.

## శాలా సిద్ధి: అందరికీ తెలుసు, సరిగా వాడేవాళ్లు తక్కువ

జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ రూపొందించిన ఈ చట్రం 2015లో వచ్చింది. ఏడు రంగాలు, 46 ప్రమాణాలు. ప్రతి ప్రమాణానికి మూడు స్థాయిలు, ఏ స్థాయి ఎలా ఉంటుందో వర్ణన కూడా రాసి ఉంటుంది. 46లో 12 బడి వనరుల గురించి: తరగతి గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, ర్యాంపు వంటివి. నాయకత్వం, నిర్వహణ కింద నాలుగు ప్రమాణాలున్నాయి. ఉపాధ్యాయుల పనితీరు, వృత్తి అభివృద్ధి కింద ఆరున్నాయి. హెచ్‌ఎం తన కోసం చూసుకోవాల్సినవి ఈ పది. మిగతావి అక్కర్లేదని కాదు, వాటి భారం మరికొందరి మీద కూడా ఉంటుందని.

దీని బలం వర్ణనల్లో ఉంది. 'బోధన మెరుగుపరుస్తాను' అని గాలిలో రాయకుండా, మొదటి స్థాయి నుంచి రెండో స్థాయికి వెళ్లాలంటే ఏం కనబడాలో మాటలు అక్కడే దొరుకుతాయి. బలహీనత అందరికీ తెలిసిందే. చివరి తేదీ సాయంత్రం సీఆర్‌పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) నుంచి ఫోన్ వస్తుంది, "సార్, మన కాంప్లెక్స్‌లో మీ ఒక్క బడే పెండింగ్". పోయినేటి కాగితం తీసి అవే స్థాయిలు ఎక్కించేస్తారు. రెండు మూడు చోట్ల ఒక స్థాయి పెంచుతారు, ప్రగతి కనబడాలి కదా.

ఇదే పత్రాన్ని పోర్టల్ కోసం కాకుండా మన కోసం వాడుకునే పద్ధతి వేరే ఉంది. ఆ పది ప్రమాణాలను ఒక పేజీలో తెలుగులో రాసి స్టాఫ్ మీటింగులో పంచండి. హెచ్‌ఎంతో సహా అందరూ ఎవరికి వారు, పక్కవాళ్లతో మాట్లాడకుండా, స్థాయి వేయాలి. పేర్లు రాయనక్కర్లేదు. ప్రతి టిక్కు పక్కన ఒక గడి ఉండాలి: 'ఏది చూసి ఇలా వేశారు?' హెచ్‌ఎం తన కాగితాన్ని విడిగా ఉంచుకుని మిగతావాటిని పోల్చుకోవాలి.

ఉదాహరణకు 'ఉపాధ్యాయుల పనితీరు పర్యవేక్షణ' అనే ప్రమాణం తీసుకోండి. హెచ్‌ఎం మూడో స్థాయి వేశారు, ఆధారం గడిలో 'రోజూ రౌండ్స్ వేస్తాను' అని రాశారు. తొమ్మిది మంది టీచర్లలో ఆరుగురు ఒకటో స్థాయి వేశారు, వాళ్ల ఆధారం గడిలో 'సార్ వరండాలో వెళ్తుంటారు, లోపలికి రారు' అని ఉంది. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. రౌండ్స్ నిజమే, లోపలికి రాకపోవడమూ నిజమే. సగటు తీస్తే ఒకటో స్థాయికీ రెండో స్థాయికీ మధ్య ఏదో అంకె వస్తుంది, దానికి అర్థం లేదు. ఆ ఇద్దరి లెక్కల మధ్య తేడాయే అసలు డేటా. ఈ ఏడాది లక్ష్యం ఎక్కడ పెట్టాలో అదే చూపిస్తోంది.

## పిల్లల మార్కులు, సర్వేలు

ముందు ఒక అపోహ తీసేద్దాం. జాతీయ స్థాయి సర్వేలు బడికి మార్కులు వేయడానికి పెట్టినవి కావు. 2021 నవంబర్ 12న జరిగిన న్యాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) 3, 5, 8, 10 తరగతులకు, 2024 డిసెంబర్ 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ 3, 6, 9 తరగతులకు. రెండూ కొన్ని బడులను ఎంచుకుని జిల్లా, రాష్ట్రం ఎలా ఉన్నాయో అంచనా వేసేవి. జిల్లా అంకె తెచ్చి బడి గోడకు అంటించి, దాన్ని దాటతామని లక్ష్యం రాయడంలో అర్థం లేదు. ఏ సామర్థ్యంలో జిల్లా వెనకబడిందో చూసి, మన పిల్లల్లో అదెలా ఉందో వెతకడానికి మాత్రం పనికొస్తాయి.

బడిలోనే పుట్టే డేటా దీనికన్నా నయం. చదవడం, రాయడం, లెక్కల్లో కనీస సామర్థ్యాల కోసం తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వల్ల ప్రాథమిక బడుల్లో ఏ పిల్ల పదాలు చదువుతోంది, ఏ పిల్లవాడు తీసివేతల దగ్గర ఆగాడు అన్నది పేరుపేరునా రాసే అలవాటు వచ్చింది. 14 మంది ఉన్న తరగతికి ఇంతకన్నా మంచి డేటా లేదు.

అయితే మార్కులకూ హెచ్‌ఎం పనికీ మధ్య టీచర్ ఉన్నారు, ఇల్లు ఉంది, పొలం కూడా ఉంది. నర్సంపేట, పరకాల పల్లెల్లో దసరా తర్వాత పత్తి ఏరడం మొదలైతే పెద్ద తరగతుల బెంచీలు పలచబడతాయి. ఆ వారాల హాజరు రిజిస్టర్ పక్కన పెట్టుకోకుండా ఎస్‌ఏ-1 మార్కులు చదివితే, పత్తి చేను చేసిన పనికి గణితం టీచర్ మాట పడతారు. తాడ్వాయి చుట్టుపక్కల మేడారం జాతర వచ్చే ఏడాదిని జాతర లేని ఏడాదితో నెలకు నెల పోల్చడమూ అంతే. అందుకని మార్కులను లక్ష్యంగా కాకుండా లక్ష్యానికి సాక్షిగా పెట్టుకోవడం మేలు. హెచ్‌ఎం తన పని మార్చుకున్నారు, దాని జాడ పిల్లల్లో కనబడుతోందా అని చూడటానికి.

పదో తరగతి ఉత్తీర్ణత సంగతి వేరు. అది పెట్టొద్దని చెప్పినా ఎవరూ ఊరుకోరు, పైనుంచి అడుగుతారు. అడిగినచోట రాయండి. దాన్నే మీ ఏకైక లక్ష్యం చేసుకుంటే మాత్రం డిసెంబర్ నుంచి బడి మొత్తం ఒక్క తరగతి చుట్టూ తిరుగుతుంది, ఆరో తరగతికి వెళ్లాల్సిన టీచర్ పదో తరగతి స్పెషల్ క్లాసులో ఉంటారు. నాలుగేళ్ల తర్వాత పదిలోకి వచ్చేది ఆ ఆరో తరగతే.

## సిబ్బంది అభిప్రాయం: బయటి దేశాల పద్ధతి

అమెరికాలో 1996లో బడి నాయకులకు ప్రమాణాలు రాశారు, 2008లో సవరించారు. 2015లో కొత్త రూపంలో పది ప్రమాణాలుగా తెచ్చారు. ఆస్ట్రేలియాలో ప్రిన్సిపాళ్ల ప్రమాణం 2011లో వచ్చింది. మన దగ్గర 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన వృత్తి ప్రమాణాలు ప్రధానంగా టీచర్లవి, వాటిని హెచ్‌ఎం లక్ష్యాల్లో నేరుగా ఎక్కించకూడదు. అదే విధానం టీచర్లకూ హెచ్‌ఎంలకూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. '50 గంటలు పూర్తిచేస్తాను' అని రాసే లక్ష్యం కుర్చీలో కూర్చున్న సమయాన్ని కొలుస్తుంది, అంతే.

అమెరికాలో వాడే వాండర్‌బిల్ట్ నాయకత్వ మూల్యాంకనంలో 72 అంశాలు ఉంటాయి. ప్రిన్సిపల్, టీచర్లు, పై అధికారి ముగ్గురూ విడివిడిగా నింపుతారు. దేని ఆధారంగా ఈ అంకె వేశారో కూడా గుర్తించాలి. పైన శాలా సిద్ధి పేజీలో పెట్టమన్న ఆధారం గడి అలాంటిదే.

పద్ధతి మొత్తాన్ని మాత్రం తెచ్చుకోలేం. నలుగురు టీచర్లున్న బడిలో పేరు రాయకపోయినా చేతిరాత తెలుస్తుంది, టిక్కు పెట్టే తీరు కూడా తెలుస్తుంది. "మనకెందుకొచ్చిన గొడవ" అని అందరూ 'చాలా బాగుంది' పెడతారు, లేదా పాత కోపం ఉన్న ఒకరు అన్నింటికీ 'బాగాలేదు' పెడతారు. రెండూ డేటా కావు. పదిమందికి మించిన సిబ్బంది ఉంటేనే, అదీ రెండు మూడు ప్రశ్నలతోనే చేయాలి. 'గత నెలలో నా బోధన గురించి హెచ్‌ఎం నాకు ఉపయోగపడిన మాట ఏదైనా చెప్పారా? చెబితే ఏమిటి?' ఈ ఒక్క ప్రశ్న 72 అంశాల్లో సగం పని చేస్తుంది.

## తరగతి పరిశీలన రిజిస్టర్

ఖర్చు ఒక నోట్‌బుక్. కొత్త పోర్టల్ లేదు, సర్వర్ డౌన్ అవదు. హెచ్‌ఎం ఏ తేదీన ఎవరి తరగతిలో ఎంతసేపు కూర్చున్నారు, ఏం గమనించారు, తర్వాత టీచర్‌తో ఏం మాట్లాడారు, మళ్లీ ఎప్పుడు చూశారు అన్న వివరాలు ఇందులో ఉంటాయి. ఐదింటిలో పూర్తిగా హెచ్‌ఎం పనినే చూపించేది ఇదే.

పాడవడమూ ఇదే తొందరగా పాడవుతుంది. 'నెలకు పది పరిశీలనలు' అని సంఖ్య పెట్టి పైనుంచి అడగడం మొదలైతే, నెలాఖరున ఒకే పెన్నుతో పది వరుసలు నిండుతాయి. 'బోధన సంతృప్తికరం, బోధనోపకరణాలు వాడాలి' అని పదిచోట్లా అదే వాక్యం. అందుకే లెక్కపెట్టాల్సింది పరిశీలనలను కాదు, రెండో రాకను. 'గుంపు పనిలో వెనక బెంచీ అమ్మాయిలకు సుద్దముక్క ఇవ్వలేదు' అని ఆగస్టులో రాసినవాళ్లు సెప్టెంబర్‌లో అదే తరగతికి వెళ్లి ఏం చూశారో ఆ రిజిస్టర్‌లో ఉండాలి.

## ఎవరికి ఏది

ఇద్దరు టీచర్ల ప్రాథమిక బడి హెచ్‌ఎం. మీరూ రోజంతా పాఠం చెప్పేవారే, పరిశీలనకు ఖాళీ ఉండదు. తొలిమెట్టు పేర్ల జాబితా తీసుకోండి. పక్క టీచర్‌తో వారానికోసారి దాని మీద అరగంట కూర్చోవడాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. సర్వే, శాలా సిద్ధి స్థాయిల పెంపు మీకొద్దు.

ఉన్నత పాఠశాల గెజిటెడ్ హెచ్‌ఎం, పైగా కాంప్లెక్స్ బాధ్యత. శాలా సిద్ధిలోని పది ప్రమాణాలను సిబ్బందితో కలిసి వేసి, ఎక్కువ తేడా వచ్చిన ఒక్కదాన్ని ఎంచుకోండి. సాక్షిగా పరిశీలన రిజిస్టర్ పెట్టుకోండి. రెండో ప్రమాణం జోలికి వెళ్లొద్దు. మీటింగులు, బిల్లులు, మధ్యాహ్న భోజనం లెక్కలు ఎలాగూ ఉంటాయి.

కస్తూర్బా స్పెషల్ ఆఫీసర్, గురుకులం ప్రిన్సిపల్. మీ పని సాయంత్రం బడి వదలగానే ఆగదు. మార్కుల కన్నా ముందు శాలా సిద్ధిలో సమ్మిళితం, ఆరోగ్యం, భద్రత రంగం చూడండి. జ్వరాల రిజిస్టర్, పిల్లల ఫిర్యాదుల పెట్టె, ఔటింగ్ నుంచి ఆలస్యంగా వచ్చినవారి జాబితా, ఈ మూడూ ఏ సర్వే చెప్పనివి చెబుతాయి. ఫిర్యాదు పెట్టె ఖాళీగా ఉంటే అంతా బాగుందనుకోకండి. తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి.

హన్మకొండ, కాజీపేట ప్రైవేటు బడి ప్రిన్సిపల్. సిబ్బంది ఎక్కువమంది ఉంటారు కాబట్టి అభిప్రాయ సేకరణ మీకు నప్పుతుంది, కానీ కాగితాలు యాజమాన్యం చేతికి వెళ్లవని టీచర్లకు నమ్మకం కలగాలి. ఏడాది మధ్యలో మానేసిన టీచర్లు ఎందరు, ఏ నెలల్లో మానేశారు అన్నదీ చూడండి. అడ్మిషన్ల సంఖ్యను మీ నాయకత్వ లక్ష్యం అనొద్దు, అది మార్కెటింగ్.

మండల విద్యాధికారి (ఎంఈఓ). మీరు హెచ్‌ఎంలకు లక్ష్యాలు పెట్టేవారు, అందుకే ఎక్కువ చెడగొట్టగలిగేదీ మీరే. అన్ని బడులకూ ఒకే అంకె ఇవ్వకండి. ప్రతి హెచ్‌ఎం ఒక ప్రమాణం, రెండు ఆధారాలు ఎంచుకుని రాసివ్వాలి, అందులో ఒక ఆధారం బడిలోనే పుట్టినదై ఉండాలి. తక్కువ స్థాయి నిజాయితీగా రాసినవారిని మీటింగులో నిలబెట్టి అడిగారా, మరుసటి ఏడాది మీ మండలంలో అందరూ మూడో స్థాయే.

## రాసేటప్పుడు

'ఈ ఏడాది బోధనా నాణ్యత పెంచుతాను' అన్నది లక్ష్యం కాదు. పై ఉదాహరణలోని హెచ్‌ఎం రాయదగ్గది ఇలా ఉంటుంది:

"ఉపాధ్యాయుల పనితీరు పర్యవేక్షణలో నేను ఒకటో స్థాయిలో ఉన్నానని మా సిబ్బందిలో ఎక్కువమంది అన్నారు. జూలై నుంచి నెలకు ఆరు తరగతులు, ఒక్కోటి కనీసం 20 నిమిషాలు, లోపల కూర్చుని చూస్తాను. రెండు రోజుల్లోపు ఆ టీచర్‌తో మాట్లాడి, ఇద్దరం ఒప్పుకున్న ఒక్క మార్పును రాసుకుంటాను. నెలలోపు మళ్లీ వెళ్లి చూస్తాను. 8వ తరగతి గణితంలో ఎఫ్‌ఏ-1లో సగం కన్నా తక్కువ మార్కులు వచ్చిన పిల్లల పేర్లను ఎస్‌ఏ-1 తర్వాత హాజరుతో కలిపి సరిచూస్తాను. సంక్రాంతి సెలవుల తర్వాత అదే పేజీ సిబ్బందికి మళ్లీ ఇస్తాను."

ఇందులో ప్రమాణం ఉంది, ఇప్పటి స్థితి ఉంది, చేసే పని ఉంది, సాక్షి ఉంది, మళ్లీ చూసే తేదీ ఉంది. నెలకు ఆరు ఎక్కువైతే నాలుగు రాసుకోండి, చేయగలిగినంతే.

ఇంకొక్కటి, బదిలీలు. ఏడాది మధ్యలో హెచ్‌ఎం మారితే బీరువా తాళాలు, క్యాష్‌బుక్, స్టాక్ రిజిస్టర్ ఛార్జ్ లిస్టులో ఉంటాయి. ఈ లక్ష్యం కాగితం, పరిశీలన నోట్‌బుక్ మాత్రం పాత సార్ బ్యాగులో వెళ్లిపోతాయి. వాటినీ ఛార్జ్ లిస్టులో ఒక వరుసగా చేర్చండి. కొత్తగా వచ్చినవారు అదే లక్ష్యం కొనసాగించాలనేం లేదు. ఏ టీచర్‌తో ఏ మాట ఎక్కడిదాకా వచ్చి ఆగిందో వాళ్లకు తెలిస్తే చాలు.